మొగులప్ప చేయి, కిష్టప్ప తాళం

డోలు మీద మొగులప్ప చేతికి ఆ వేగం చప్పుడు లేని రోజుల్లో వచ్చింది. నలభై ఎనిమిదిలో, పోలీసు చర్యకు ముందు నెలల్లో, ధారూర్ చుట్టుపక్కల డోలు మోగించే ధైర్యం ఎవరికీ లేదు. చప్పుడైతే ఎటు నుంచి ఎవరొస్తారో తెలియదు. అప్పుడతనికి పదిహేడేళ్లు. గొర్లు కాచుకునే కురుమల ఇల్లు, కులదేవుడు బీరప్ప పండుగకు డోలు కొట్టే ఇల్లు. చేతులు ఊరుకోక గొంగడిని నాలుగు మడతలు వేసి, దాని మీద పుల్లతో కొట్టేవాడు.

"తోలు మీదైతే పుల్ల దానంతటదే ఎగురుతది, జహూర్ భాయ్. గొంగడి ఎగరేయది. పడ్డకాడనే పంటది. నువ్వే లేపాలె," అని చాలా ఏళ్ల తర్వాత నాకు చెప్పాడు.

నాది ధారూర్ స్టేషన్ పక్కన కుట్టుమిషను. డోలు మెడకు వేసుకునే పట్టీ కుట్టించుకోవడానికి వచ్చేవాడు. నాకు వాయిద్యం రాదు, నేర్పినవాళ్లూ లేరు. వినడం, అర్థం కానిది అడగడం, మళ్లీ వినడం, అంతే. అడిగిందే అడిగినా అతను విసుక్కునేవాడు కాదు. ఆ నలభై ఎనిమిది చలికాలంలో భయం తగ్గి మళ్లీ తోలు మీద పుల్ల వేస్తే, తన చేయి తనకే కనబడలేదట.

కుడిచేతికి పుల్ల, ఎడమది ఉత్త చేయి. ఎడమది ఎప్పుడూ వెనకబడేది. దానికోసం ఏడాదిపాటు ఉన్ని ఏకే విల్లును ఎడమచేత్తోనే ఆడించాడు. ఇంట్లో ఆడవాళ్లు నవ్వారు. తర్వాత డోలును నిలువుగా పెట్టి, తోలు మీద గుప్పెడు కందులు పోసి కొట్టేవాడు. దెబ్బలు సమంగా పడితే గింజలు ఉన్నచోటనే గంతులేస్తాయి. ఒక్కటి బరువుగా పడ్డా అంచు దాటి కింద రాలతాయి. ఒక్క గింజ కూడా రాలకుండా కొట్టడానికి మూడేళ్లు పట్టింది.

"పుల్లను గట్టిగ పట్టుకోవద్దు. గొర్రెపిల్ల చెవి పట్టుకున్నట్టు పట్టాలె. జారొద్దు, దానికి నొయ్యొద్దు," అనేవాడు.

ఈ సాధన అంతటా ఎదురుగా కూర్చున్నవాడు కిష్టప్ప. మొగులప్ప భార్య ఎంకమ్మకు తమ్ముడు. తాళాలు వాయించేవాడు. డోలు ఎంత వేగంగా పోయినా కాలు మోపడానికి ఒక నేల కావాలి, ఆ నేల తాళం. అది వెంట్రుకవాసి కదిలినా, తాళం నాలుగు దెబ్బలకు ఎనిమిది కొట్టేవాడు తట్టుకుంటాడేమో గాని, పదహారు కొట్టేవాడు పడిపోతాడు. పద్నాలుగేళ్లు కిష్టప్ప ఆ నేలను కదలనివ్వలేదు. మొగులప్ప కొడుతున్నంతసేపూ అతని కళ్లు బావ చేతులవైపే ఉండేవి.

ఒకసారి నా దుకాణంలోనే కిష్టప్ప అన్నాడు: "అందరు మొగులప్ప డోలు అంటరు. మొగులప్ప డోలు, కిష్టప్ప తాళం అని ఒక్కడన్నా అంటడా, భాయ్?"

"నేనంట గదరా," అన్నాడు మొగులప్ప నవ్వుతూ.

"నువ్వు ఇంట్ల అంటవు, బావా. బజార్ల అనవు."

అందరం నవ్వాం. కిష్టప్ప కూడా నవ్వాడు.

వాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. డోలు ఎత్తేముందు కొట్టేవాడే వంగి, తాళగాడి నుదుట బీరప్ప బండారి, ఆ దేవుని పసుపు, పెడతాడు. అంటే ఆ పొద్దుకు తాళం దేవుడిది. తప్పు ఏదైనా జరిగితే డోలుదే. తాళం తప్పిందని నోట అనకూడదు. అన్నవాణ్ని మళ్లీ ఆ దేవుని ముందు డోలు ఎత్తనివ్వరు.

అరవై రెండులో తాండూరులో పెద్ద పండుగ చేశారు. మన దిక్కు డోలుకు, తాండూరు అంజిలయ్య డోలుకు పోటీ. ఒకరు ఒక వరుస కొడితే రెండోవారు దాన్నే ఇంకా వేగంగా తిరిగి కొట్టాలి. వరుస తెగినవాడు వెనక్కి జరుగుతాడు. గెలిచిన డోలు మూడేళ్లు దేవుని ముందు నడుస్తుంది. మొగులప్ప పదిహేడో ఏట నుంచి కోరుకున్నది ఆ ముందు డోలు ఒక్కటే. నేను ఆ రోజు మిషను మూసి రైలెక్కాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో మొదలైంది. అంజిలయ్య గట్టివాడే. ఆరో వరుసకు అతని మోచేతులు బిగుసుకున్నాయి. మొగులప్పకు ఇంకా మణికట్టు కూడా అలసలేదు. ఏడో వరుస ఎత్తుకున్నాడు. దెబ్బలు విడివిడిగా వినబడటం ఆగి, గుడ్డ చించినట్టు ఒకటే పొడుగు చప్పుడైంది. జనం లేచి నిలబడ్డారు.

అప్పుడు తాళం వెనక్కి లాగింది. కొంచెమే. ఒకసారి కాదు, వరసగా మూడుసార్లు. మొగులప్ప తలెత్తి చూశాడు. కిష్టప్ప బావ చేతులవైపు చూడటం లేదు. నేల చూస్తున్నాడు.

డోలు వరుస తెగింది.

కులపెద్ద దేవప్ప దగ్గరికొచ్చాడు. "ఏమైంది, మొగులప్పా? చెయ్యి నొచ్చిందా?"

మొగులప్ప కిష్టప్ప నుదుట ఉన్న బండారి వంక చాలాసేపు చూశాడు. పొద్దున తానే పెట్టింది.

"తప్పు డోలుది, పెద్దయ్యా," అని వెనక్కి జరిగాడు.

"గింతేనా మీ ధారూర్ చెయ్యి!" అని గుంపులోంచి ఎవరో అరిచారు. తిరుగు రైల్లో నేను ఆగలేక మొగులప్పతో, "తాళం జారింది గదా," అన్నాను.

"నువ్వు ఇన్నవా?"

"ఇన్న."

"అయితే నా చెవులు మంచిగనే ఉన్నయి," అని కిటికీవైపు తిరిగాడు.

ఎంకమ్మకు అతను చెప్పలేదు. చేయి పట్టు తప్పిందని ఊరు నమ్మినట్టే ఆమె కూడా నమ్మింది. రోజూ ఆముదం వేడిచేసి మణికట్టుకు రాసేది. "నొస్తుందా?" అంటే "జర నొస్తుంది," అనేవాడు. ఏమీ కాని చేతిని ఆమె ఒళ్లో పెట్టి కూర్చునేవాడు.

మరుసటేడు పండుగకు కిష్టప్ప తాండూరు మేళంలో కనిపించాడు. మెడలో డోలు. అంజిలయ్య పక్కన, ముందు వరుసలో. తాళం లాగితే డోలిస్తామన్న మాట వాళ్లు ఎప్పుడిచ్చారో అప్పుడు అందరికీ తెలిసింది, ఎంకమ్మకు తప్ప. "తమ్ముడు డోలుకెక్కిండు. నువ్వు నేర్పిన చెయ్యే గదా, సంతోషపడు," అని భర్తను లాక్కొచ్చింది ఆమే. నేనూ వెంట వచ్చాను.

కిష్టప్ప అక్క ఎదుటే వంగి మొగులప్ప కాళ్లు మొక్కాడు. "దీవించు, బావా."

మొగులప్ప అతని కుడి మణికట్టు పట్టుకున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. వేళ్లు విప్పి, పుల్లను మళ్లీ సర్ది పెట్టాడు. "గట్టిగ పట్టినవు. వదులు జెయ్యి," అన్నాడు. ఎంకమ్మను అక్కడే ఉండమని చెప్పి స్టేషన్‌కు నడిచాడు. నేనూ నడిచాను.

బండి గంట ఆలస్యం. డోలు అక్కడికి కూడా స్పష్టంగా వినబడుతోంది. బెంచీ మీద కూర్చుని మొత్తం విన్నాడు. కిష్టప్ప చేయి బాగానే ఉంది, అక్కడక్కడ బరువైనా. చివరి వరుస అయ్యాక అడిగాను:

"ఎట్లున్నది?"

"తాళం మంచిగున్నది, భాయ్," అన్నాడు. "పట్టినోడు ఎవడో గాని, నమ్మకస్తుడు."