అద్దం మేస్త్రి ఆఖరి పూత

మా వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. అద్దం మేస్త్రి అనేవారు. గానుగ సున్నం పూసి, ఆరీ ఆరకముందే గులకరాయితో రుద్దితే గోడలో మొహం కనిపించేది. కొందరు ఆ గోడల ముందు నిలబడి గడ్డం గీసుకున్నారని ప్రతీతి. ఆయన ఏనాడూ ఖండించలేదు. విద్య తాత దగ్గర్నుంచి వచ్చింది, ఆ గులకరాయి కూడా. అరవై ఎనిమిదో ఏట మేస్త్రి స్థిరాస్తి అదొక్కటే. అదీ సగం అరిగింది.

పదకొండో నంబరు మేడ తాత చేతి పని. మెట్ల పక్క గోడ మీద, పచ్చి సున్నంలో ఆయన వేలితో గీసిన సంవత్సరం ఉండేది. ఆ మెట్ల కింది గదిలో కుట్టుపిన్ని నలభై ఏళ్లుగా అద్దెకుంటూ వీధి మొత్తానికీ బట్టలు కుట్టింది. యజమానికేమో మేడ పడగొట్టాలని ఉంది. ఇంతలో పురపాలక కార్యాలయం వారు పాత ఇళ్ల జాబితా రాస్తామన్నారు. జాబితాకెక్కిన ఇంటి మీద గడ్డపార పడకూడదు. ఇల్లు నిజంగా పాతదని చూసేవారి కంటికి ఆనాలి, అంతే షరతు.

"సోమవారం వస్తారట అన్నయ్యా. ఈ వయసులో నేనీ మిషను నెత్తిన పెట్టుకుని ఎక్కడికి పోను? కాస్త నువ్వే చూడాలి," అంది పిన్ని.

"నేనుండగా నీకెందుకమ్మాయ్ బెంగ!" అన్నాడు మేస్త్రి.

పెద్దమనుషులు వస్తుంటే గోడ మరకలతో నిలబడటమా! వారం రోజులు ఒంటిచేత్తో పూశాడు.

"పాతదని చూపించాలంటే పాతగానే ఉండనివ్వచ్చుగా?" అంది భార్య.

"నీ మొహం! ఆఫీసరు ముందుకి చిరిగిన చొక్కాతో వెళ్తామా?"

ఆవిడ మాట నిజం కావడం ఆ ఇంట్లో అరుదేమీ కాదు. ఎవరైనా వినడమే అరుదు.

సోమవారం ఆఫీసరు వచ్చాడు. గోడ ముందు ఆగి జుట్టు సర్దుకున్నాడు.

"బ్రహ్మాండంగా ఉందయ్యా. ఎప్పుడు కట్టారు?"

"మా తాత కట్టాడండి. ఇదిగో, ఇక్కడే సంవత్సరం కూడా..."

"ఏదీ?"

గోడ మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. పాత గోడకి కొత్త పూత పట్టాలంటే ముందు సుత్తితో గాట్లు కొట్టాలి. మేస్త్రులకి అది ఓనమాల పాఠం. యాభై ఏళ్ల అలవాటు కొద్దీ చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, మరకల మీదా, అంకెల మీదా. ఉలి తెచ్చి జానెడు మేర ఊడగొట్టాడు. లోపల మశూచి మచ్చల్లా గాట్లే ఉన్నాయి.

"చెరిపిందెవరు?"

"నేనేనండి."

ఆఫీసరు చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకోవడానికి. పాపం, ఎంతో మర్యాదగా రాసుకున్నాడు: 'ఇటీవలి పని. చాలా నాణ్యంగా ఉంది.'

"పోనీలే అన్నయ్యా. వెళ్లేముందు అద్దాల మేడలో వారం రోజులున్నాను," అంది పిన్ని. నవ్విద్దామనే అంది. ఇద్దరిలో ఎవరికీ నవ్వు రాలేదు.

మేడ ఒక్క పూటలో కూలింది. మెట్ల పక్క గోడ మాత్రం సాయంత్రం దాకా మొండికేసింది. యంత్రం నడిపేవాడు దిగి చెమట తుడుచుకున్నాడు. "ఎవడండీ బాబూ, ఈ గోడ పూసింది? చంపుతున్నాడు!"

జన్మలో మొదటిసారి మేస్త్రి తన పని తనదని చెప్పుకోలేదు.

గోడ పడ్డాక ఒక పెళ్ల ఏరుకున్నాడు. తిప్పి చూస్తే, గాట్లు తగలని చోట తన సున్నం తాత వేలి గీతల్లోకి దిగి గట్టిపడింది. చివరి రెండంకెలు ఉబ్బుగా, ఎడమా కుడీ తారుమారై ఉన్నాయి. తాత వేలి వంపుతో సహా. సాక్ష్యం దొరికింది. ఇల్లే లేదు.

పిన్ని ఇప్పుడు ఊరి చివర నాలుగో అంతస్తులో ఒంటి గదిలో ఉంటోంది. పాత బేరాలు అంత దూరం రావు. పెళ్ల తీసుకెళ్లి ఇస్తే, కత్తిరించే గుడ్డ జారకుండా మీద పెట్టింది.

"బరువు బాగానే ఉంది అన్నయ్యా. అంచులే గుడ్డని పీకుతున్నాయి."

మేస్త్రి జేబులోంచి గులకరాయి తీసి, కిటికీ దగ్గర కూర్చుని అంచులు రుద్దాడు. అంకెల దాకా వచ్చి, ఈసారి చెయ్యి ఆపాడు.