రెండో వైపు పాడే ఆవిడ

ఆ వీధిలో ఆవిడను అందరూ మిషనమ్మ అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని పక్కన ఇస్త్రీ బల్ల, గోడ నిండా వేలాడే సగం కుట్టిన చొక్కాలూ గౌన్లూ. చేతిలో పని ఉన్నంతసేపూ మిషనమ్మ నెమ్మదస్తురాలే. అరువు అడిగినవాళ్ళను కసరదు, కుట్టు వదులైందని తెచ్చినవాళ్ళతో వాదించదు. ఒక్క సంగతి ఎత్తితే మాత్రం ఆవిడకు ఒళ్ళు మండుతుంది. మొగుడి పాటల రికార్డుల సంగతి.

మొగుడు ఒక వర్క్‌షాపులో లేత్ మిషను మీద పని చేస్తాడు. పొద్దస్తమానం ఇనుము ఇనుమును కోసే కీచు చప్పుడు మధ్య నిలబడి, సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల గ్రీజు కడుక్కుని టీ తాగుతాడు. తర్వాత బీరువా తెరిచి ఒక రికార్డు తీస్తాడు. అట్టలోంచి దాన్ని అంచులు పట్టుకుని రెండు అరచేతుల మధ్య పైకెత్తే తీరు చూసి తీరాలి. పురిటి బిడ్డను కూడా ఆయన అంత పదిలంగా ఎత్తుకోలేదట. ఈ మాట అన్నది మిషనమ్మే. ఇద్దరిని కన్నది కాబట్టి ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. అప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెడతాడు. "ఇదిగో, మిషను ఆపు" అంటాడు. రికార్డు ప్లేయరు మీద పెట్టి, సూది దించి, కుర్చీలో ముందుకు వంగి, తల ఒక పక్కకు వాల్చి, కళ్ళు మూసుకుంటాడు.

ఇక ఆయన మొహం చూడాలి. ఎవరో రహస్యం చెబుతుంటే ఒక్క అక్షరమైనా జారిపోకూడదన్నట్టు ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంటాడు. మిషనమ్మకు కావలసింది ఆ మొహమే. పుట్టింట్లో ఆవిడ పెరిగింది ఎవరి మాటా ఎవరికీ వినపడనంత మంది పిల్లల మధ్య. మేనమామ దగ్గర కుట్టు నేర్చుకుంటున్న రోజుల్లో ఈ మనిషి చిరిగిన ఖాకీ చొక్కా పట్టుకుని వచ్చాడు. ఆవిడ ఏదో చెప్పడం మొదలుపెడితే, చొక్కా సంగతి మరిచిపోయి, తల పక్కకు వాల్చి చివరిదాకా విన్నాడు. చేసుకుంటే వీణ్ణే చేసుకోవాలని ఆవిడ అక్కడే అనుకుంది. తీరా చేసుకున్నాక ఆ మొహం కాస్తా రికార్డుల పాలైంది. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే ఆయన "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ"కు అర్థం సరేననో, కాదనో, నోర్మూసుకోమనో ఇంతవరకు తేలలేదు.

కింది వాటాలో ఆయన అక్క ఉంటుంది. ఊరుకునే రకం కాదు. "మా తమ్ముడు నిన్ను కట్టుకోకముందే వాటిని కట్టుకున్నాడమ్మా. వరసకు అవి పెద్దవి, నువ్వు చిన్నదానివి" అని మెట్లమీద కూర్చుని నవ్వుతుంది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఇక్కడ తోడికోడలు లేని లోటు ఆడపడుచు తీర్చింది.

అసలు సవతి ఎవరో తేల్చుకోవాలని మిషనమ్మ పంతం పట్టింది. మిషను ఆపాక గుండీలు కుట్టడం, కాజాలు తీయడం, అంచులు మడవడం లాంటి చేతిపనే కదా మిగిలేది. చేతులు అక్కడ పెట్టి చెవులు ఇక్కడ పెట్టింది. ఒక్కొక్కరినీ పరీక్షగా విన్నది.

నీలం అట్టది జాజ్. బాకా ఊదే ఆయన ఒక చిన్న ముక్క అంటాడు, ఆగుతాడు. వెనకాల ఎవరో చీపురుతో మెల్లగా ఊడుస్తున్నట్టు డ్రమ్ములు. మళ్ళీ ఇంకో ముక్క, మళ్ళీ ఆగడం. తానులన్నీ ముట్టుకుని చూసి ఏదీ కావాలనకుండా నిలబడే బేరగాడు గుర్తొచ్చాడు ఆవిడకు. ఆయన ఆగినప్పుడల్లా మొగుడు ఊపిరి బిగబట్టేవాడు. "నేను మాట మధ్యలో ఆగితే గురక వినిపిస్తుంది. వీడు ఆగితే మాత్రం ప్రాణం పోతుంది" అని పళ్ళు నూరింది.

సింఫనీ అని ఇంకొకటుంది. ఇద్దరు ముగ్గురు ఫిడేళ్ళతో మొదలుపెట్టి, పోగై పోగై, చివరికి ఇల్లు పట్టనంత మంది అవుతారు. ఒక్క మనిషిని ఎత్తుకుపోవడానికి ఇంత బలగం కావాలా? మధ్యలో ఒక భాగం మాత్రం పెద్ద కర్టెను అంచు కుట్టినట్టు నిదానంగా, దారం తెగకుండా సాగింది. బాగుందని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకున్నందుకు ఇంకా కుళ్ళుకుంది.

గజళ్ళ పెద్దాయన ఒకే మాటను పట్టుకుని ఎన్ని రకాలుగా బతిమాలుతాడో లెక్కలేదు. అందులో సగం తనను ఎవరైనా బతిమాలి ఉంటే ఈ జన్మకు చాలుననుకుంది. రాక్ రికార్డు పెడితే మొగుడి మడమ నేలమీద ఆడుతుంది, మొహంలో ఎవడో పోకిరి కుర్రాడు కనపడతాడు. ఆ కుర్రాడు తనకెప్పుడూ పరిచయం కాలేదు. ఆ గిటార్ల వాళ్ళకు మాత్రం బాగా తెలుసు. పియానో ఒక్కటే ఉన్న రికార్డు వచ్చినప్పుడు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తోచలేదు. అది నిజంగానే నచ్చింది. మర్నాడు ఆ వేగంలోనే మిషను తొక్కింది. ఈ సంగతి ఇంట్లో చెబుతుందా? చచ్చినా చెప్పదు.

వీళ్ళెవరూ కాదు, అసలు సవతి బ్లూస్ అనే ఏడుపు పాటలు పాడే ఆవిడ. అట్టమీద ఆకుపచ్చ కోటు వేసుకుని అటు తిరిగి నిలబడి ఉంటుంది. మొహం కనపడదు. మిషనమ్మకు ముందు కనపడింది జారిపోయిన భుజం కుట్టు. "ఏ దర్జీ కుట్టాడో గాని, ఈ కోటు వేసుకుని ఫొటో దిగడానికి సిగ్గుండాలి" అంది. సిగ్గుమాట ఎలా ఉన్నా ఆ గొంతు మాత్రం మామూలు గొంతు కాదు. లావుగా, బొంగురుగా, రాత్రంతా ఏడ్చి తెల్లారి మామూలుగా మాట్లాడుతున్నట్టుంటుంది. మొదటి వైపు పాటలు పర్వాలేదు. రెండో వైపు రెండో పాటలో ఆవిడ ఒకచోట పాట ఆపేసి ఊపిరి తీసుకుంటుంది, అంతే. అక్కడికి రాగానే మొగుడి కళ్ళు చెమ్మగిల్లుతాయి. పాట కూడా కాదు, ఊపిరికి! కాన్పు నొప్పుల్లో తను తీసిన ఊపిరికి ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు.

ఏకు మేకైంది. ఒకరోజు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మిషనమ్మ ఆ రికార్డు తీసి, అట్టతో సహా కిటికీలో ఎండకు ఆనించి పెట్టింది. అది చాలదన్నట్టు పక్కనే వేడి ఇస్త్రీపెట్టె పెట్టింది. కావాలని చేయలేదు, దుమ్ము దులపడానికి తీసి మరిచిపోయానని తనకు తనే చెప్పుకుంది. ఆ మాట తనే నమ్మలేదు. కాసేపయ్యాక బయటికి లాగి చూస్తే రికార్డు ఒక పక్క అలలా పైకి లేచి ఉంది. గబగబా మళ్ళీ అట్టలో దూర్చి బీరువాలో పెట్టేసింది.

మొగుడు బీరువా వైపు నడిచినప్పుడల్లా గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంది. ఎలాగూ గొడవ తప్పదు. ఎందుకు చేశావంటాడు. అప్పుడు అంతా కక్కేయాలి. అరిచేటప్పుడైనా ఆయన తనవైపే చూస్తాడు కదా అని లోపల ఒక ఆశ.

ఒక సాయంత్రం ఆయన ఆకుపచ్చ కోటు అట్ట తీశాడు. కళ్ళజోడు పక్కన పెట్టాడు. "ఇదిగో, మిషను ఆపు" అన్నాడు. అలవాటైన చేత్తో రెండో వైపు పెట్టి సూది దించి, కళ్ళు మూసుకున్నాడు.

రికార్డు తిరుగుతుంటే సూది పైకి లేస్తోంది, పడుతోంది. ఆ గొప్ప గొంతు తాగినవాడి నడకలా తూలింది. ఒకచోట సాగింది, ఒకచోట పిల్లిలా అరిచింది. మిషనమ్మ ఆయన మొహమే చూస్తూ నిలబడింది. ఆయన మొహంలో మార్పు లేదు. అదే వంగడం, తల అదే వాల్చడం. చూపుడువేలు కుర్చీ చేతిమీద మెల్లగా తాళం వేస్తోంది. రెండో పాట వచ్చింది. ఊపిరి తీసుకునే చోటికి రాగానే ఎప్పటిలాగే కళ్ళు చెమ్మగిల్లాయి.

"ఎండలో పెట్టింది నేనే" అంది మిషనమ్మ, ఆయన పక్కనే నిలబడి.

ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"వినపడిందా? నేనే పాడుచేశాను!" ఈసారి కింది వాటాకు కూడా వినపడి ఉంటుంది. ఆయన వేలు తాళం తప్పలేదు.

అప్పుడు ఆవిడ వెళ్ళి సూది ఎత్తేసింది. గది నిశ్శబ్దమైంది. ఆయన కళ్ళు తెరవలేదు. వేలు ఆడుతూనే ఉంది. పాటలో ఇంకా మిగిలిన చరణమంతా ఆడి, అది ముగియవలసిన చోట ఆగింది.

మిషనమ్మ ఇస్త్రీ బల్లమీద కూర్చుండిపోయింది. ఒకప్పుడు ఆయన సౌండు పెంచుతుంటే కింది నుంచి అక్క కర్రతో కప్పు పొడిచేది. ఈమధ్య పెంచడం మానేశాడు. అక్క పోరు పడలేక తగ్గించుకున్నాడనుకుంది గాని, ఎంత పెంచినా ఆయన చెవులకు ఒకటేనని తోచలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఎదురుగా ఉంటే జవాబు చెబుతాడు. కళ్ళజోడు లేనప్పుడు "ఊఁ" అంటాడు. ఇన్నాళ్ళూ దాన్ని పొగరనుకుంది. మిషను ఆపమనడం కూడా పాత అలవాటే తప్ప వినడానికి కాదు.

ఆయన కళ్ళు తెరిచి, ఎదురుగా ఆవిడనూ, పైకెత్తి ఉన్న సూదినీ చూశాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. దొరికిపోయిన మొహం.

"ఎన్నాళ్ళనుంచి?" అంది.

ఆవిడ పెదవుల వంక చూసి, "చాలా రోజులైంది" అన్నాడు. "మెల్లమెల్లగా పోయింది. లేత్ దగ్గర పనిచేసే అందరికీ ఉండేదే."

"డాక్టరు దగ్గరికి పోకపోయారా?"

"పోయాను. చెవికి మిషను పెట్టుకోమన్నాడు. మావాడొకడు పెట్టుకున్నాడు. అన్నీ రేకుడబ్బాలోంచి వస్తున్నట్టుంటాయట." బీరువా వైపు చెయ్యి చూపించాడు. "ఇవన్నీ నాకు లోపల శుభ్రంగా వినపడుతున్నాయి. ఒక్క స్వరం తేడా లేదు. ఆ మిషను పెట్టుకుంటే చెడిపోతాయి."

జాలి పడవలసిన చోట మండిపడింది మిషనమ్మ. "అంటే ఆవిడ గొంతు చెడకూడదని నా గొంతు వదులుకున్నారా?"

"అదేం మాట? నీ గొంతు ఎక్కడికి పోయింది? నువ్వు పెదవి కదిపితే చాలు, నాకు వినపడుతుంది."

"ఎలా వినపడుతుంది?"

ఆయన ముందుకు వంగాడు. తల పక్కకు వాల్చాడు. నుదుటిమీద ముడతలు దగ్గరికొచ్చాయి. ఇన్నేళ్ళు ఆవిడ దేనికోసం కళ్ళలో నిప్పులు పోసుకుందో ఆ మొహం, పూర్తిగా, ఆవిడకే తిరిగింది.

"సన్నగా ఉంటుంది" అన్నాడు. "మీ మేనమామ కొట్లో చొక్కా పట్టుకుని నిలబడ్డప్పుడు ఎలా మాట్లాడావో అలాగే. గిన్నెకు చెంచా తగిలినట్టు. మాట చివర కొంచెం నవ్వు ఉంటుంది. నువ్వు ఎంత తిట్టినా నాకు అలాగే వినపడుతుంది. అందుకే నాకు కోపం రాదు."

వేరే ఏ ఆడదైనా ఆ మాటకు కరిగిపోయేది. మిషనమ్మకు ఆ సన్నగొంతు పిల్లను జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చాలనిపించింది. ఇంటెడు చాకిరీ చేసింది తను. బిడ్డలను పెంచింది తను. కుట్టుమిషను చప్పుడు మీద అరిచి అరిచి, ఈయనకు ఒక్కో మాట నాలుగేసిసార్లు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్నది తను. ఫోనెత్తితే కొత్త ఖాతాదార్లు "సార్" అంటున్నారు. ఇంత చేస్తే, ఆయన ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పింది మాత్రం ఆ పిల్లా! కాటుక పెట్టుకుని నవ్వుకుంటూ, ఒక్క గుండీ అయినా కుట్టకుండా!

"ఆ పిల్ల ఇప్పుడు లేదండీ" అంది, ఒక్కొక్క మాటా పెదవులమీద విడివిడిగా చూపిస్తూ. "ఎప్పుడో పోయింది. ఇక్కడున్నది నేను. రేపు పోయి మిషను పెట్టించుకుందాం. రేకుడబ్బా కానీ, ఇంకేమైనా కానీ, మీరు నన్ను వినాలి."

 ఆయన ఎప్పుడూ అడగనిది అడిగాడు.

"ఇప్పుడు ఎలా ఉంది నీ గొంతు?"

మిషనమ్మ రికార్డు వైపు చూసింది. ఒక పక్క లేచిన ఆ నల్లటి రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది.

"ఇదిగో, ఈవిడ గొంతులాగే ఉంటుంది" అంది.

ఆయన పగలబడి నవ్వాడు. పెళ్ళాం ఇంత మంచి హాస్యం ఎన్నడూ ఆడలేదనుకున్నాడు.