నానబెట్టి ఆరబోసిన వడ్లు

నేను గుడివాడలో పుట్టి పెరిగినదాన్ని. మా ఇంటి వెనకే కాలవ. ఏటా అందులోకి నీళ్ళు వస్తాయని తెలుసు కానీ, రాకపోతే ఏం చెయ్యాలో తెలియదు. వ్యవసాయ శాఖలో చేరాక మొదటి పోస్టింగు దివిసీమలో, హంసలదీవికి దగ్గర్లోని ఒక ఊళ్ళో వచ్చింది. కాలవకి చిట్టచివర ఉన్న ఊరు. నీళ్ళు అక్కడికి చేరేసరికి ఎగువన నాట్లు కూడా అయిపోయేవి. ఆ ఏడు ఎప్పుడు చేరతాయో ఎవరికీ తెలియలేదు.

అక్కడే ఒకావిడ పరిచయమైంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. భర్త సముద్రం మీదికి వేటకి వెళ్తాడు, ఆవిడ చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. అది చాలక ఒక ఎకరం కౌలుకి తీసుకుంది.

"మా వాళ్ళల్లో వరి పండించినోళ్ళు ఎవరూ లేరు మేడం. నాకే ఈ పిచ్చి" అంది నవ్వుతూ.

నారు పోసేందుకు నీళ్ళు లేవు కాబట్టి, వడ్లు నానబెట్టి, నీడలో ఆరబెట్టి, పొడి దుక్కిలోనే చల్లమన్నాను.

"మళ్ళీ ఆరబెట్టేదానికి నానబెట్టడం ఎందుకండీ?"

"నీళ్ళు తాగిన గింజ లోపల మేలుకుంటుంది అక్కా. మొలక బయటికి రాకముందే ఆపేస్తాం. తర్వాత చినుకు పడగానే మిగతావాటికంటే ముందు లేస్తుంది. బెట్ట వచ్చేలోపు వేరు లోతుకి దిగుతుంది."

చెప్పాను గానీ ఎన్ని గంటలో చెప్పలేదు. "ఒక రోజు" అనేసి బస్సెక్కాను. ఆవిడ అప్పుడే నానబోసి, మర్నాడు చేపలమ్మడానికి అవనిగడ్డ వెళ్ళి పొద్దుపోయాక వచ్చింది. అప్పటికే గింజల ముక్కులు పగిలి తెల్లగా మొలకలు కనిపిస్తున్నాయి. అలాగే ఆరబెట్టి, చిరుజల్లు పడితే చల్లింది. వారం తర్వాత నేను వెళ్ళేసరికి చేలో ఒక్క మొలక లేదు. బయటికొచ్చిన మొలక ఎండిపోతే మళ్ళీ బతకదు. అది నాకు తెలుసు, ఆవిడకి చెప్పలేదు.

"తప్పు నాదే అక్కా" అన్నాను.

"నేనూ అడగాల్సింది కదండీ. సగమే నానబోశాన్లెండి. మిగతావి ఉన్నాయి. ఈసారి మీరు దగ్గరుండండి."

ఆ రాత్రికి వాళ్ళింట్లోనే ఉండిపోయాను. సాయంత్రం నానబోసి, తెల్లారగానే తీసి, పూరిపాక నీడలో పాత వల పరిచి దానిమీద పలచగా ఆరబోశాం. ఎప్పటికి ఆరతాయో చెప్పబోతుంటే ఆవిడ ఆపింది. గుప్పెడు వడ్లు తీసి పిడికిట్లో నలిపి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

"ఇంకా తడుంది. ఎండు రొయ్యకీ ఇంతేనండీ. చేతికి తెలిసిపోద్ది."

నా చదువులో ఆ మాట లేదు. మర్నాటి మధ్యాహ్నం ఆవిడ సరేనన్నాకే మూటగట్టాం.

చల్లిన నాలుగో రోజున ఒక మోస్తరు వాన పడింది. తర్వాత ఆవిడ ఫోను: "మేడం, వచ్చేసినయ్! పక్క చేలో ఇంకా ఏం లేదు. మీరు రండి ముందు." వెళ్ళాను. గట్టు మీద కూర్చుని ఇద్దరం ఆ లేత పచ్చదనాన్ని ఎంతసేపు చూశామో. చేపల బుట్ట పక్కన పెట్టి, చద్దన్నంలో ఎండు మెత్తళ్ళ చేపలు వేసి పెట్టింది.

తర్వాత ఇరవై రోజులు చినుకు లేదు. మధ్యాహ్నానికి ఆకులు సూదుల్లా చుట్టుకుపోయేవి, సాయంత్రానికి విచ్చుకునేవి. పని లేకపోయినా నేను వెళ్ళేదాన్ని. ఆవిడ తన భర్త కబుర్లు చెప్పేది, నేను మా అమ్మ గురించి చెప్పేదాన్ని. చివరికి కాలవకి నీళ్ళొచ్చాయి. పంట గొప్పగా రాలేదు, కానీ వచ్చింది. ఏడాది తిండికి సరిపోయింది.

వేసవిలో నన్ను మచిలీపట్నం ఆఫీసుకి మార్చారు. మొదట్లో వారానికోసారి ఫోన్లు. తర్వాత పండక్కీ పబ్బానికీ. ఆ తర్వాత ఆ నంబరు పనిచెయ్యడం మానేసింది.

పోయిన ఏడాది పనిమీద కోడూరు దాకా వెళ్ళి, ఆగలేక ఆ ఊరికి కూడా వెళ్ళాను. ఆ ఎకరం రొయ్యల చెరువైంది. నీళ్ళలో గాలి ఎక్కించే ఏరేటర్లు తిరుగుతున్నాయి. వాళ్ళ పాకకి తాళం. పక్కింటి ముసలాయన చెప్పాడు:

"పొలం యజమాని చెరువుకిచ్చేశాడండీ. ఆయమ్మ రేపల్లె వైపు కూతురి దగ్గరికెళ్ళిపోయింది. మీరేనా ఆ మేడం? మీ గురించి ఎప్పుడూ చెప్పేది."

ఊరి పేరు కూడా చెప్పాడు. పులిగడ్డ వంతెన దాటితే రెండు బస్సులు. ఎక్కువ దూరం కాదు. ప్రతి ఆదివారం వెళ్దామనుకుంటాను. ఏదో పని తగులుతుంది. పని లేనినాడు మాత్రం భయం వేస్తుంది. ఆవిడకి ఇప్పుడు నేను చేసిపెట్టగలిగింది ఏమీ లేదు, ఊరికే చూడాలని వచ్చానని చెప్పడం నాకు చేతనవుతుందా అని.