చింతపిక్క పెట్టిన మాట

మంచిరోజుల్లో సంపూర్ణమ్మ టీచరు గొంతు కాలవ అవతల చేపల చెరువుకి మేత వేసే వెంకన్నకి కూడా ఎక్కాలు నేర్పేసింది. బడి గడప తొక్కకుండానే ఆయనకి పన్నెండో ఎక్కం దాకా వచ్చేసిందని పోలమ్మమెరక ఊళ్లో చెప్పుకుంటారు. అలాంటి గొంతుకి క్రిస్మస్‌కి జీర వచ్చింది. ఉగాదికి బొంగురుపోయింది. ఈస్టరు నాడు చర్చిలో పాట ఎత్తుకుంటే సైకిల్ ట్యూబులోంచి గాలి పోయినట్టు వచ్చింది. పాస్టరు గారు కళ్లు మూసుకున్నారు. ప్రార్థనకో, నవ్వు ఆపుకోవడానికో తెలియలేదు.

వేసవి సెలవుల్లో కాకినాడ డాక్టరు లోపల గడ్డ ఉందన్నాడు. ఆపరేషన్ చేస్తే ప్రాణం నిలబడొచ్చు, మాట నిలబడదన్నాడు. వెంటనే చేరమన్నాడు. ఆవిడ పెళ్లివారిని ముహూర్తం జరపమన్నట్టు మూడు నెలలు గడువు అడిగింది.

ఎందుకంటే ఆ బడిలో పిల్లలు పంతొమ్మిది మంది, తరగతులు ఐదు, టీచరు ఒక్కరే. ఆవిడ నోరు తెరిస్తే పంతొమ్మిది నోళ్లు తెరుచుకునేవి, మూస్తే మూసుకునేవి. పుస్తకం చేతికిచ్చి వదిలేస్తే దాంతో ఈగలు తోలుకునేవాళ్లు. ఇరవై ఆరేళ్లు గొంతరిగేలా చెప్పి తాను తయారుచేసింది చదువరుల్ని కాదు, మైకుపెట్టెల్ని అని ఆవిడకి కాకినాడ బస్సులో అర్థమైంది. ఇప్పుడు మైకే పోతోంది. ఆలోగా వాళ్లంతట వాళ్లు చదువుకోవడం రావాలి.

బళ్లు తెరిచిన రోజే మొదలుపెట్టింది. రొయ్యల చెరువు దగ్గర పారేసిన నైలాన్ తాడు ఈ గోడ నుంచి ఆ గోడకి కట్టి, బట్టల క్లిప్పులతో కథల పుస్తకాలు తగిలించింది. ప్రార్థన అవగానే ఎవరి పుస్తకం వాళ్లు తీసుకోవాలి. పెదవులు కదపొచ్చు, అరవకూడదు. చదివింది పక్కవాళ్లకి చెప్పాలి. నోటుబుక్కులో ఒక్క వాక్యం సొంతంగా రాయాలి. మాట చదవడం రాకపోయినా, చదివాక అర్థం కాకపోయినా ‘టీచరండీ’ అనకూడదు. పక్కవాళ్లని అడగాలి. వాళ్లకీ తెలియకపోతే ఆ మాట మీద చింతపిక్క పెట్టి ముందుకెళ్లిపోవాలి. గంట కొట్టేముందు ఆవిడే వచ్చి ఒక్కో పిక్కా ఏరుతూ, ఆ మాట చెవిలో చెబుతుంది.

పిక్కలిచ్చింది మధ్యాహ్న భోజనం వండే లక్ష్మీదుర్గ. ఆమెకి అక్షరం ముక్క రాదు. చింతపండుకి మాత్రం లోటు లేదు.

మొదటి వారం బడి బడిలా లేదు, సంతలా ఉంది. ఒకడు పిక్క ముక్కులో పెట్టుకున్నాడు. లక్ష్మీదుర్గ పట్టకారు పట్టుకుని వస్తుంటే చూసి, భయానికి తుమ్మి, వాడే బయటికి తెచ్చాడు. నాలుగో తరగతి దుర్గాశ్రీ నిమిషానికోసారి ‘టీచరండీ’ అనేది. పలికితే మళ్లీ మొదటికొస్తుందని సంపూర్ణమ్మ కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చుంది. వీపుని ఎంతసేపని పిలుస్తారు? పదిహేను రోజులకి పిలవడం మానేశారు. రెండు నెలలకి దుర్గాశ్రీ పుస్తకం మీద ఒకే ఒక్క పిక్క కనబడింది. వెనకాల పంతొమ్మిది జతల పెదవులు గుసగుసలాడుతుంటే ఆవిడ గోడకేసి చూస్తూ ఏడ్చింది. పిల్లలు టీచరుగారు బల్లిని చూస్తున్నారనుకున్నారు.

తన బదులు ఇంకో టీచర్ని పంపమని అప్పటికే అర్జీ పెట్టింది. బళ్లు చూసి పైకి రాసే రమేష్ బాబు స్కూటరు మీద వచ్చాడు. ఆవిడ కొత్త కోడలు వంట చూపించినంత సంబరంగా అన్నీ చేత్తో చూపించింది. ఆయన ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు.

“ఏంటండీ ఇది, మీరు లేకపోయినా బడి దానంతటదే నడిచిపోద్దండీ,” అన్నాడు.

ఇరవై ఆరేళ్లలో ఆవిడని ఎవరూ అంతగా మెచ్చుకోలేదు. మురిసిపోయింది. గంట కొట్టేదాకా ఉండి పిక్కలు ఏరడం కూడా చూడమని చెప్పబోయింది గానీ, ఆ గొంతు స్కూటరు చప్పుడుని దాటలేదు.

ఆవిడ ఆసుపత్రిలో చేరింది. మండలంలో ఖాళీగా ఉన్న టీచరు ఒక్కరే, అడిగిన బళ్లు రెండు. ఆ రెండో ఊళ్లో తల్లిదండ్రులు గేటుకి తాళం వేసి, రోడ్డు మీద కూర్చుని అరిచారు. పోలమ్మమెరక నుంచి చప్పుడే లేదు, పైగా చక్కటి వీడియో ఉంది. ఉన్న ఒక్క టీచర్నీ అరిచిన ఊరికే పంపేశారు. ఇక్కడ లక్ష్మీదుర్గ తాళం తీసేది, పిల్లలు ప్రార్థన చేసుకుని తాడు మీద పుస్తకాలు తీసుకునేవాళ్లు. చెరువు పనికెళ్లే తల్లిదండ్రులు కిటికీలోంచి చూసేవాళ్లు. అందరూ బుద్ధిగా చదువుతుంటే కొత్త టీచరు లోపలెక్కడో ఉందనుకుని పోయేవాళ్లు.

మూడు వారాల తర్వాత లక్ష్మీదుర్గ కాకినాడ వచ్చింది. సంపూర్ణమ్మ మెడకి కట్టు, ఊపిరికి గొట్టం. లక్ష్మీదుర్గ ఫోన్‌లో ఫొటో చూపించింది.

“పిల్లలు బంగారమండి. ఒక్కళ్లు నోరెత్తట్లేదండి. మీ మాట తూచా తప్పట్లేదు.”

సంపూర్ణమ్మ ఫొటోని వేళ్లతో పెద్దది చేసింది. దుర్గాశ్రీ పుస్తకం. పేజీ నిండా పిక్కలు, మధ్యలో అక్కడక్కడా అక్షరాలు. పక్క పుస్తకమూ అంతే.

“ఆ పిక్కలు ఎవరూ తియ్యరండి. మీరొచ్చి తియ్యాలంట. రోజూ దోసెడు పట్టుకెళ్తన్నారు, చింతపండు పిసికి పిసికి నా చేతులు పోతన్నాయండి బాబూ.”

ఆవిడ కాగితం లాక్కుని పెద్ద అక్షరాలతో రాసింది: ‘అరవండి. రోడ్డు మీదకొచ్చి అరవండి. టీచరు కావాలని అరవండి.’

లక్ష్మీదుర్గ అది ఏదో ఆశీర్వాద వాక్యం అనుకుని కళ్లకద్దుకుంది. “ఆయ్, దుర్గాశ్రీ చేత చదివిస్తానండి,” అంటూ బొడ్డున దోపుకుంది.

మర్నాడు ఫోన్‌కి ఫొటో వచ్చింది, కింద లక్ష్మీదుర్గ గొంతుతో మెసేజి. పిల్ల తడుముకోకుండా గడగడా చదివేసిందట. చదివి టీచరుగారు ఇలా ఎందుకు రాస్తారని పక్కవాళ్లని అడిగిందట. వాళ్లకీ తెలియలేదట.

ఫొటోలో కాగితం బెంచీ మీద ఉంది. ‘అరవండి’ అన్నచోటల్లా ఒక చింతపిక్క. మొత్తం మూడు.

సంపూర్ణమ్మ మొదటి పిక్కని వేలితో పక్కకి తోసింది. ఫొటో జరిగింది గానీ పిక్క కదల్లేదు.