కరెంటు పోతే అంకుశం ఫిజిక్స్

మా అంకుశం కాకకు ఒకటే జబ్బు. కరెంటు పోతే ఆయనకు ఫిజిక్స్ వస్తుంది. అదీ తప్పుగా వస్తుంది.

భివండీని లోడ్‌షెడ్డింగ్ ఏలుతున్న రోజులవి. నార్పోలిలో మా కార్ఖానా మరమగ్గాలు, మా మాటలో సాంచెలు, టక్కున ఆగితే చెవులు ఖాళీ అయినట్టుండేది. కూలి పోతోందని ఒకడు, ఉక్కపోస్తోందని ఇంకొకడు లోపలికీ బయటికీ తిరిగేవాళ్లం. ఒక్కడి కాలు ఒక్కచోట నిలిచేది కాదు. అందరం బల్బు వైపు చూస్తుంటే కాక మాత్రం నడుముకు దోపుకున్న సైన్సు పుస్తకం లాగేవాడు. మీసాలు నెరిసే వయసులో ఓపెన్ స్కూల్లో పదో తరగతి కట్టానని చాటుకున్నాడు. చదువు సంగతి నన్నడగండి. తొమ్మిదిలో నేను బడి మానేసిన రోజు, హెడ్మాస్టరు నా వెంట ధామన్కర్ నాకా చౌరస్తా దాకా పరుగెత్తి బతిమాలాడు. ఆటోలన్నీ ఆగి చూశాయి. నమ్మకపోతే నష్టం మీకే.

అదే కార్ఖానాలో ఓ మూల, దారం కండెలు చుట్టే మిషన్ దగ్గర పూనం కూర్చునేది. మా మీద అజమాయిషీ చేసే ముకద్దం గాలయ్య కూతురు. బడిలో పదోతరగతి రాసి అన్నీ గట్టెక్కి సైన్సులో పోయింది, అదీ ఫిజిక్స్ పుణ్యమా అని. పది పాసైతేనే ఠాణా పట్నంలో ఆసుపత్రి ట్రైనింగులో చేర్చుకుంటారు. అందుకే ఓపెన్ స్కూల్లో మళ్లీ కట్టింది. "ఈసారి తప్పితే ఇగ చదువు ముచ్చట తియ్యద్దు. కండెలు చుట్టుకో" అని గాలయ్య అందరి ముందే తేల్చేశాడు. అందరూ నవ్వారు. ఆనాటి నుంచి ఆ పిల్ల నోరు విప్పితే ఒట్టు.

ఒకనాడు కరెంటు పోగానే కాక ఓ చేత ఇనుప తూకపురాయి, ఓ చేత ఉత్త కండె పట్టుకుని సామాన్లు పెట్టే అటక ఎక్కాడు. బరువైనది ముందు పడుతుందని, తేలికది తీరికగా పడుతుందని, ఇది సృష్టి ధర్మమని పైనుంచి ప్రకటించాడు. మేం తలలూపాం. మూల నుంచి సన్నటి గొంతు వచ్చింది.

"కాదు కాక. రెండు ఒక్కపారే పడ్తయి."

"నీకెట్ల ఎరుక?"

ఆ పిల్ల తడబడుతూ ఏదో చెప్పింది. కాక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "అర్థం కాలే, మల్ల చెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా. కాక రెండూ వదిలాడు. రెండూ ఒకేసారి గాలయ్య టిఫిన్ డబ్బా మీద దిగాయి. డబ్బా చపాతీ అయింది. లోపలి చపాతీలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు.

ఇంకోసారి కరెంటు లేనంతసేపూ గోడను నెట్టాడు. చెమట కారిందంటే పని అయినట్టేనని వాదన. గోడ జరిగిందా అని పూనం అడిగింది. జరగలేదన్నాడు. జరగకపోతే పని సున్నా అంది. కాక చెమట తుడుచుకుని గాలయ్య కుర్చీ వైపు తిరిగాడు.

"మరి మా గాలన్న పొద్దుందాక గా కుర్చీలనే కూసుంటడు గదనే బిడ్డా. ఆయన పనెంత?"

"సున్నకంటె తక్కువ ఉంటదేమో, పుస్తకంల చూడాలె."

కార్ఖానా గొల్లుమంది. గాలయ్య లేచి, తన కొత్త డబ్బా తీసుకుని వేరే గదిలో పెట్టుకున్నాడు.

అలా రోజూ ఆయన తప్పు చెప్పడం, ఆమె దిద్దడం, ఆయన "మల్ల చెప్పు" అనడం. సాంచెలో దారం పట్టుకుని అటూ ఇటూ ఉరికే నాడె ఒక్కోసారి బయటికి ఎందుకు ఎగిరొస్తుందంటే, దానికి కోపమొచ్చి అన్నాడు కాక. కోపం కాదు, ఆపేది లేకపోతే కదిలేది కదులుతూనే పోతుందని పూనం మా అందరికీ వచ్చేదాకా చెప్పింది. నిజమే. మా కార్ఖానా నాడె ఒకటి ఎగిరి మాన్కోలి గోదాముల దాకా పోయింది. నేను కళ్లారా చూశాను.

పరీక్ష రోజు ఇద్దరినీ నా స్కూటర్ మీద ఠాణా తీసుకుపోయాను. గేటు దగ్గర పూనం లోపలికి పోయింది. కాక బయట గోడ నీడకు చతికిలబడ్డాడు.

"గంట కొట్టిండ్రు కాక, నువ్వు పోవా?"

"నాకేం పరీక్షరా అమోల్గా? నేను చదివింది నాలుగు."

"మరి పుస్తకం?"

"అది పూనందే. సాంచెలు బందైతే నా నడుముల, పొద్దుగూకితే దాని కండెల గంపల." గేటు వైపు చెయ్యి చూపాడు. "తప్పిన పిల్ల, నోరు తెరిస్తే నవ్వుతరని బుగులు పడ్డది. నవ్వెటోళ్లకు నన్ను ఇచ్చిన. దానికి మాట్లాడెతందుకు జాగ దొరికింది."

పూనం పాసైంది. గాలయ్య కార్ఖానా అంతా కోవా పేడాలు పంచుతూ కాక దగ్గర ఆగి, "దిగులు పడకు తమ్మీ, ఇంకోపారి కట్టు" అని భుజం తట్టాడు. కాక తల వంచుకుని రెండు పేడాలు ఎక్కువ తీసుకున్నాడు. కాక పరీక్షే కట్టలేదని నాకు తెలుసు. నా జన్మలో దాచిన రహస్యం అదొక్కటే.

పూనం ట్రైనింగుకు పోయింది, పుస్తకం కాకకే వదిలేసి. ఆ మర్నాడు కరెంటు పోయింది. కాక నేరుగా వచ్చి నా పక్కన కూర్చున్నాడు. చంద్రుడి మీదికి పోతే మనిషి బరువు ఆరింతలు పెరుగుతుందట అన్నాడు.

"పెరగది కాక, తగ్గుతది. ఆరో వంతే ఉంటది." నన్నడగకుండానే నా నాలుక అనేసింది.

"నీకెట్ల ఎరుక?"

బల్బు వైపు చూశాను. భివండీ మొత్తంలో కరెంటు కోసం నా అంత ఆత్రంగా ఎవడూ ఎదురుచూసి ఉండడు. రాలేదు. కాక చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నా మీదికి వంగాడు.

"అర్థం కాలే. మల్ల చెప్పు."