ఆ ఐదు రోజుల మాత్రలు

మా చెల్లెలు తల మీద నీళ్లు పోసుకోలేకపోతోందని నాకు తెలిసింది మార్చి నెల రెండో ఆదివారం. స్నానాల గదిలోంచి "అక్కా, ఒకసారి రా" అని పిలిచింది. వెళ్లి చూస్తే చెంబు భుజం దాకా వచ్చి ఆగిపోయి ఉంది. ఇరవై ఆరేళ్లుగా సినిమా పాటలకు డాన్స్ మాస్టారి దగ్గర అసిస్టెంటుగా ఉండి, చెయ్యి ఎంత ఎత్తాలో ఎన్ని వందల మందికో నేర్పిన మనిషి.

మేమిద్దరం ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ రెండో అంతస్తులో ఉండేవాళ్లం. నేను లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని. కొలిస్తే గాని ఏదీ నమ్మలేను. మర్నాటి నుంచి ఉదయం ఏడింటికి దాన్ని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఆనించకుండా లేవమనేదాన్ని. ఎన్ని సెకన్లు పట్టిందో పుస్తకంలో రాసేదాన్ని. మొదటి రోజు ఆరు. మే నెలాఖరుకు పద్నాలుగు.

"రిటైరైనా హాజరు పట్టీ వదల్లేదు. ఫెయిలైతే బెంచీ ఎక్కిస్తావా ఏంటి?" అనేది.

"ముందు కుర్చీలోంచి లే. బెంచీ సంగతి తరవాత చూద్దాం."

నవ్వేవాళ్లం కాని లోపల నాకు గుబులుగానే ఉండేది. మా అమ్మ కూడా చివరి ఏళ్లలో నేల మీద నుంచి లేవలేకపోయింది. కీళ్లవాతం అనుకున్నాం. ఎవరమూ పరీక్ష చేయించలేదు.

జూన్ మధ్యలో జూబ్లీహిల్స్‌లో ఒక నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. కండరాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే పదార్థం పరీక్షలో చాలా ఎక్కువగా కనిపించింది. ఆవిడ దాచకుండా చెప్పారు. ఇది రెండింటిలో ఒకటి. శరీరాన్ని కాపాడాల్సిన శక్తే కండరాల మీద తిరగబడి వాపు తెచ్చే జబ్బు కావచ్చు, దానికి మందులున్నాయి. లేదా వంశంలో వచ్చి కండను మెల్లగా తినేసేది కావచ్చు; దాన్ని ఆపే మందు లేదు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

"తొడ నుంచి చిన్న కండ ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూస్తే గాని చెప్పలేనండీ. చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టామనుకోండి, ఇది రెండోదైతే గుణం ఉండదు, షుగరూ ఎముకల బలహీనతా మిగులుతాయి. అన్నట్టు, ఈ మధ్య అలాంటి మాత్రలేమైనా వాడారా? వాడితే వాపు అణిగిపోయి ముక్కలో జబ్బు సరిగ్గా కనిపించదు."

"లేదండీ" అంది మా చెల్లెలు. ముక్క తీయడానికి వచ్చే గురువారానికి రాసిచ్చారు.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. జూన్ మొదటి వారంలో వరసగా పద్నాలుగు, పదమూడు, పది, తొమ్మిది, ఎనిమిది. ఆ తరవాత మళ్లీ పదకొండు, పద్నాలుగు, పదిహేను. ఆ వారం నేను రోజూ మునగాకు వండిపెట్టాను. దాని గుణమేనని పై అంతస్తు ఆవిడకు గొప్పగా చెప్పాను కూడా. కాని ఆ ఐదు రోజులూ మాదాపూర్‌లో కొత్తగా లేచిన సాఫ్ట్‌వేర్ కంపెనీ అద్దాల మేడ ముందు పాట తీశారు; చెల్లెలు రోజూ ఆ షూటింగుకు వెళ్లింది.

"ఆ ఐదు రోజులూ ఏం మింగావు?"

"నీ మునగాకు."

"నిజం చెప్పు."

"కాస్ట్యూమ్స్ ఆవిడ ఇచ్చింది. చిన్నవి, తెల్లవి. పాట ఉన్న రోజుల్లో ఒళ్లునొప్పులకి అందరూ వేసుకుంటారు." మేకప్ పెట్టెలో ఖాళీ అట్ట ఉంది. పేరు చదివాను. స్టెరాయిడే.

"చెప్పకు అక్కా. చెబితే వాయిదా వేస్తారు. ఇది సాగేకొద్దీ మాస్టారికి తెలిసిపోతుంది. తెలిసిన మర్నాడే నా చోట ఇంకో పిల్ల ఉంటుంది. మా సినిమావాళ్లలో జ్వరమొచ్చినా ఎవరూ బయటికి చెప్పుకోరు."

నేను మర్నాడే ఫోన్ చేసి చెప్పేశాను. ఐదు రోజులే కాబట్టి మూడు వారాలు ఆగితే చాలన్నారు డాక్టరమ్మ. మాత్రలతో తేలిక పడిందంటే మందులున్న రకమేగా అని ఆశగా అడిగాను. "అలా అనుకునే మోసపోతామండీ. ఆ మాత్ర ఎవరికైనా నాలుగు రోజులు హుషారునిస్తుంది."

చెల్లెలు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. కుర్చీలోంచి మాత్రం లేచేది. పదిహేడు. పంతొమ్మిది. ఇరవై రెండు. పదిహేనో రోజు మధ్యాహ్నం పెరుగన్నం ముద్ద గొంతులో ఆగిపోయింది. కళ్ల నీళ్లు కారుతుంటే వీపు నిమురుతూ నిలబడ్డాను. గొంతు కండరాల దాకా వచ్చిందంటే, ఊపిరి ఎంత దూరం? నేను నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ముక్క తీసి మందు కూడా పడి ఉండేది. లేదా ఏమీ కనిపించలేదని పంపేసి ఉండేవాళ్లు. ఈ లెక్క ఎన్నిసార్లు చేసినా జవాబు రాలేదు.

ఫోన్‌లో సంగతి వినగానే ఇక ఆగొద్దు, రేపే రమ్మన్నారు డాక్టరమ్మ. మొదట వెళ్లినప్పుడు కండలోకి సూది గుచ్చి చేసే పరీక్ష కుడి తొడకు చేశారు కాబట్టి ముక్క ఎడమ తొడ నుంచి తీశారు. మత్తు అక్కడి వరకే. "గాటు కాస్త పైకి వెయ్యండి డాక్టరుగారూ, కాస్ట్యూములో దాగాలి" అని మా చెల్లెలు అనడం తలుపు బయటికి వినిపించింది. కాసేపటికి అటెండరు చిన్న ఐసు డబ్బా పట్టుకుని బయటికొచ్చాడు. అందులో ఏముందో చూద్దామని నేను అడ్డం వెళ్లాను.

"అమ్మా, ఫికర్ జెయ్యకుండ్రి. జర పక్కకు జరుగుండ్రి. గీ ముక్క జల్ది ల్యాబుకు పోవాలె."

తొమ్మిది రోజులు పట్టింది. మైక్రోస్కోపులో తీసిన ఫోటోను డాక్టరమ్మ మా వైపు తిప్పారు. గులాబీ రంగు కండ పోగులు, వాటి మధ్య గుంపులుగా నల్లనీలం చుక్కలు. ఆ చుక్కలే తిరగబడిన కణాలట. "మొదటి రకమే. మందులున్నాయి. ఎంతవరకు తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేను." మా అమ్మ సంగతి అడిగాను. పరీక్ష లేకుండా ఇప్పుడేమీ చెప్పలేనన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపారు.

మళ్లీ స్టెరాయిడే, ఈసారి కొలత ప్రకారం, షుగరు చూసుకుంటూ, నెలల తరబడి. ఆరు నెలలు పని ఊసెత్తకూడదన్నారు.

వరండాలో బెంచీ మీద కూర్చుని మాస్టారికి ఫోన్ కలపమంది. కలిపి దాని చెవి దగ్గర పట్టుకున్నాను. "మాస్టారూ, నాకు కండరాల జబ్బు. ముక్క తీసి చూశారు" అంది. జబ్బు అన్న మాట దాని నోట అదే మొదటిసారి.

అవతలి గొంతు నాకూ వినిపిస్తోంది. "ఓసినీ! ఏప్రిల్ పాటలో నువ్వు చెయ్యి భుజం దగ్గర ఆపేస్తుంటే కొత్త స్టెప్పు అనుకుని ఉంచేశానే! నలభై మందీ అలాగే చేశారు, పాటంతా."

అది పకపకా నవ్వింది. తరవాత, ఆరు నెలలు రాలేనంది.

"ముందు మందులు వేసుకో" అన్నారు మాస్టారు. చోటు ఉంచుతానని అనలేదు. చెల్లెలూ అడగలేదు.