గోడకు కుట్టిన అంగీ

మా దశరథానికి మనుషుల కంటే గోడలంటే మక్కువ. మీరు ఎదురుగా నిలబడి క్షేమసమాచారాలు అడుగుతుంటే, ఆయన మీ భుజం మీదుగా వెనకాల గోడను చూస్తూ, "జర జరుగుండ్రి సారూ, గోడ కనవడ్తలేదు" అంటాడు. సూరత్‌లో పదేళ్ల పరిచయంలో నేను అలా జరిగిన దూరమంతా కలిపితే ఊరవతలి కామ్‌రేజ్ దాకా వస్తుంది.

పగలు లింబాయత్‌లో మరమగ్గం నడుపుతాడు. సాయంత్రమైతే, పెళ్లి వీడియోలవాడి దగ్గర కొన్న పాత ప్రొజెక్టరును చంకన పెట్టుకుని గోడల వేటకు బయల్దేరతాడు. గోడ మీద వీడియో వేసి, మధ్యలో మనుషుల నీడలు కలుపుతాడు. అది కళ అని ఆయన అంటాడు. ఆయన భార్య ఇంకో మాట అంటుంది, అది ఇక్కడ రాయలేను.

ఒకసారి తానుండే బిల్డింగు గోడ మీద పైనుంచి కిందిదాకా పగులు వీడియో వేశాడు. ఎంత చక్కగా వేశాడంటే, మూడంతస్తుల జనం పిల్లలతో, గ్యాస్ సిలిండర్లతో రోడ్డు మీదికొచ్చారు. టీవీ ఎత్తుకొచ్చిన మొండయ్య, "ఏందిరా ఇది! పాణం పాయెననుకున్న!" అని కొట్టబోయాడు. దశరథం అతని తెల్ల బనియన్ చూసి మురిసిపోయాడు.

"జర గట్లనే నిలవడు. పగులు నీ మీద మస్తుగ వచ్చింది."

అలాంటి మనిషికి బతుకమ్మ పండుగ పని అప్పజెప్పిన తెలివి నాది. నేను ఆల్థాన్‌లో ఉండే బ్యాంకు ఉద్యోగిని, మా తెలుగు సంఘానికి కార్యదర్శిని. ఆ ఏడు మాకు పెద్ద దెబ్బే తగిలింది. దశరథం బిల్డింగులోనే ఉండే సారక్క, ఇరవై ఏళ్లుగా మాకు పాట ఎత్తుకునే మనిషి, మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. రెండో అంతస్తులో మంచాన పడి, "నా బతుకమ్మ అయిపోయింది. నా దగ్గర పండుగ ముచ్చట తియ్యకుండ్రి" అని తలుపేయించింది. ఆవిడ లేకపోతే మిగతావాళ్లకు రెండో చరణం రాదు. పాట లేని లోటును వెలుగుతో కప్పేద్దామని నా ఎత్తు. బిల్డింగు ముందు గోడకు సున్నం వేయించి, ముఖ్య అతిథికి సోఫా కూడా తెప్పించాను.

దశరథం ఆ తెల్లగోడను చూసి పెదవి విరిచాడు. వెనక సందులో, మురిక్కాలువ పక్కన, అవతలి బిల్డింగు పెచ్చులూడిన గోడ కావాలన్నాడు. నెల రోజులుగా దాన్నే కొలుస్తున్నాడట.

"అక్కడ చూసేదెవరయ్యా, ఎలుకలా?"

"వీడియో ఆ గోడకు కుట్టిన అంగీ సారూ. ఏ పెచ్చు కాడ ఏ పువ్వు పూయాల్నో కొలతలు తీసి కుట్టిన. మీ సున్నం గోడకు పట్టదు."

"అతిథి ముందర నా పరువేం కావాలి?"

"జర జరుగుండ్రి, కొలుస్తున్న."

పండుగనాడు చీకటి పడేసరికి ముఖ్య అతిథి, సోఫా, నేను ముందు మిగిలాం. ఆడవాళ్లంతా బతుకమ్మలెత్తుకుని దశరథం వెంట వెనక సందుకు వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండి అక్కడికి పరుగెత్తాను.

నేల మీద పెట్టిన ప్రొజెక్టరు ముందు ఆడవాళ్లు పాట లేకుండా, చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. గోడ మీద వాళ్ల నీడలు రెండంతస్తుల ఎత్తు లేచాయి. ఊడిన ప్రతి పెచ్చులోంచీ తంగేడు పూస్తోంది. సూరత్‌లో మాకు దొరకని తంగేడును దశరథం సిరిసిల్ల వెళ్లి ఫోనులో పట్టుకొచ్చాడు. బాగుందని ఒప్పుకుంటే మరి నా కోపం ఏం కావాలి? వెలుతురుకు అడ్డంగా నిలబడి, "కళ్లున్నవాడెవడైనా ఈ గోడ ఎంచుకుంటాడా?" అని అరిచాను. నా పొట్ట నీడ గోడంతా కమ్మేసింది.

"జర జరుగుండ్రి సారూ! గోడ కనవడ్తలేదు!"

ఈసారి ఆ మాట దశరథానిది కాదు, పైనుంచి వచ్చింది. తలెత్తి చూస్తే, గోడకు సరిగ్గా ఎదురుగా సారక్క కిటికీ. మంచంలో పడుకున్న మనిషికి ఆ కిటికీలోంచి కనిపించేది ఈ ఒక్క గోడే.

నేను గబుక్కున జరిగాను.

"మొండయ్య పెండ్లాం చప్పట్లు తప్పుతున్నది. ఆగుండ్రి, నేనెత్తుకుంట!" అంటూ సారక్క పాట అందుకుంది. రెండో చరణం కూడా వచ్చింది.

నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. "ముందే చెప్పొచ్చు కదయ్యా!" అన్నాను.

"చెప్తే ఆమె కిటికీ గూడ మూయిస్తుండె" అంటూ దశరథం నా కొత్త తెల్ల లాల్చీ వైపు చూశాడు. వెలుతురు అంచు దాని మీద పడుతోంది.

"జర గట్లనే నిలవడుండ్రి సారూ. తంగేడు మీ మీద మస్తుగ వచ్చింది."

పదేళ్లలో ఆయన నన్ను జరగమనకపోవడం అదే మొదటిసారి. ముఖ్య అతిథిని సోఫాకు వదిలేసి, అక్కడే కదలకుండా నిలబడ్డాను.